గుండు వేగం, గుండు దారి: 4వ పాఠం (వేగం సరే, ఎక్కడి వేగం?)

గుండు ఎంత కిందికి జారుతుందో ఈసారి లెక్క వేద్దామనుకున్నాను. పోయిన పాఠం అభ్యాసానికి మీరు పంపిన జవాబులు చూశాక ఆగాల్సి వచ్చింది. ఆ గొడవ తేలకుండా ముందుకెళ్తే కట్టేదంతా పేకమేడే.

లెక్క గుర్తుందిగా? మూతి నుంచి మందూ గుండూ కూరే రైఫిల్. 50 మీటర్ల దూరంలో ఇనుప పలక. తుపాకీ పక్కనే రికార్డింగ్ ఆన్ చేసిన ఫోను. పేలిన చప్పుడుకీ, పలక ‘టంగ్’మన్న చప్పుడుకీ మధ్య 0.251 సెకన్లు. గాలి 20 డిగ్రీలు. గుండు వేగం ఎంత?

కొందరు సెకనుకు 199 మీటర్లు అన్నారు. 50ని 0.251తో భాగించేశారన్నమాట. ఆ పావు సెకనులో గుండు వెళ్లడమే కాదు, టంగుమన్న చప్పుడు తిరిగి మీ ఫోను దాకా రావడం కూడా ఉంది. 20 డిగ్రీల దగ్గర శబ్దవేగం సెకనుకు 343 మీటర్లు. 50 మీటర్లు వెనక్కి రావడానికి 0.146 సెకన్లు పోతాయి. గుండుకు మిగిలేది 0.105. అంటే 475. ఇది మొదటి పాఠంలోనే చెప్పాను, మళ్లీ చెప్పను.

475 రాబట్టినవాళ్లే నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టారు. లెక్క కరెక్టే. కానీ పక్కన ‘మూతి దగ్గర వేగం 475’ అని రాశారు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? మీరు కొలిచింది 50 మీటర్ల ప్రయాణం మొత్తానికి సగటు. గుండు గొట్టం దాటిన క్షణం నుంచీ గాలి దాన్ని పట్టి లాగుతూనే ఉంటుంది. మూతి దగ్గర అంతకంటే ఎక్కువ ఉండాలి, పలక దగ్గర తక్కువ ఉండాలి. 475 అనేది దారిలో ఎక్కడో ఒకచోట నిజం. ఆ చోటు దాదాపు సరిగ్గా సగం దూరం, అంటే 25వ మీటరు. ఇక నుంచి నోటుబుక్కులో ఏ వేగం రాసినా పక్కన దూరం రాయండి. ‘475, 25 మీ. దగ్గర’. దూరం లేని వేగం కనిపిస్తే ఆ జవాబు నేను చదవను.

ఇంతకీ అసలు మూతి దగ్గర ఎంత? దానికి గుండు పది మీటర్లకు ఎంత శాతం వేగం పోగొట్టుకుంటుందో తెలియాలి. పుస్తకాల్లో దీనికి పెద్ద సూత్రం ఉంటుంది: గాలి సాంద్రత, అడ్డుకోత వైశాల్యం, డ్రాగ్ గుణకం (ఆ ఆకారాన్ని గాలి ఎంతగా పట్టి లాగుతుందో చెప్పే అంకె), బరువు. నేను వాడేది ఒక్క అంకె. సీసపు గుండు వ్యాసం మిల్లీమీటర్లలో తీసుకుని, 70ని దానితో భాగించండి. వచ్చింది పది మీటర్లకు పోయే శాతం. మన ఉదాహరణలో 0.50 అంగుళాల గొట్టం. అందులో గుడ్డముక్క చుట్టి కూరే గుండు వ్యాసం 12.45 మి.మీ., బరువు సుమారు 11.45 గ్రాములు. 70ని 12.45తో భాగిస్తే 5.6 శాతం. 11.18 మి.మీ. గుండుకు 6.3. 13.46కు 5.2. చిన్న గుండు త్వరగా నీరసించిపోతుందని దీన్నిబట్టే తెలుస్తోంది.

ఈ 70 గుండ్రటి సీసపు గుండుకే. పొడవాటి కోను బుల్లెట్‌కు వాడకండి. దానికి బరువు ఎక్కువ, గాలి పట్టు తక్కువ. ఇంకో హద్దు కూడా ఉంది. శబ్దవేగానికి పైన, దాని చుట్టుపక్కల గుండ్రటి వస్తువు డ్రాగ్ గుణకం 0.9 దగ్గర ఉంటుంది. వేగం అందులో సగానికి పడిపోయేసరికి గుణకం 0.5 దాకా దిగుతుంది. కాబట్టి నా చిట్కా 100 మీటర్ల వరకే. ఆ పైన గాలిని ఉన్నదానికంటే బలంగా చూపిస్తుంది.

ఇప్పుడు 25వ మీటరు నుంచి వెనక్కి నడుద్దాం. 5.6 శాతం పోగా మిగిలేది 0.944 వంతు. 475ని 0.944తో భాగిస్తే 503, అది 15వ మీటరు. మళ్లీ భాగిస్తే 533, అది 5వ మీటరు. మిగిలిన అయిదు మీటర్లకు సగం శాతం, 0.972తో భాగిస్తే 548. మూతి వేగం సుమారు 550. ‘రెండున్నర సార్లు 5.6 అంటే 14 శాతం, 475కు 14 శాతం కలిపితే సరి’ అంటే 541 వస్తుంది. పెద్ద తేడా కాదు గానీ పద్ధతి తప్పు. వెనక్కి వెళ్లేటప్పుడు భాగించాలి, కలపకూడదు.

గాలి ఇంత లాగుతుందని ఒకప్పుడు చాలామంది నమ్మలేదు. గుండు దారి పారాబోలా (పరావలయం) అనీ, గాలి ప్రభావం లెక్కలోకి రాదనీ అనుకునేవారు. 1742లో ఇంగ్లండ్ గణితవేత్త బెంజమిన్ రాబిన్స్ దీని మీద ఒక పుస్తకం వేశాడు. బరువైన లోలకంలోకి గుండు కాల్చి, లోలకం ఎంత ఊగిందో చూసి వేగం కట్టాడు. దూరం మార్చి మళ్లీ కాల్చాడు. గాలి అడ్డు అందరూ అనుకున్నదానికి ఎన్నో రెట్లు ఉందని, శబ్దవేగం దగ్గర అది ఒక్కసారిగా పెరుగుతోందని గమనించాడు. మూడేళ్లకు స్విస్ గణితవేత్త ఆయిలర్ ఆ పుస్తకాన్ని వ్యాఖ్యానంతో సహా జర్మన్‌లోకి తెచ్చాడు. మీ చేతిలో ఫోను ఉంది, రాబిన్స్ చేతిలో ఊగే చెక్క ఉంది. జవాబులు మాత్రం ఆయనవే మెరుగ్గా ఉన్నాయి, ఏమనుకోకండి.

ఫోను గురించి ఒక్క మాట. రికార్డింగ్ తెరిచి బాగా పెద్దది చేసి చూడండి. పేలుడు దగ్గర అల నిటారుగా లేస్తుంది, శిఖరం కొంచెం ఆలస్యంగా వస్తుంది. గుర్తు పెట్టాల్సింది శిఖరం మీద కాదు, అల మొదట కదిలిన చోట. పలక దగ్గరా అంతే. అయిదు మిల్లీసెకన్లు అటూ ఇటూ అయితే 475 కాస్తా 500 అవుతుంది, లేదా 455కు పడుతుంది. గాలి 30 డిగ్రీలుండగా 20 అనుకుంటే జవాబు ఇంకో 11 ఎక్కువ వస్తుంది. ఇదంతా పర్మిషన్ ఉన్న ఫైరింగ్ రేంజ్‌లో, అక్కడి వాళ్ల సమక్షంలోనే. మందు ఎంత పోయాలనేది ఈ పాఠాల్లో ఎప్పుడూ రాదు. అది తుపాకీ తయారీదారు ఇచ్చిన పుస్తకం చూసి తెలుసుకోవాల్సిన విషయం. (ఒకరు నల్లటి తుపాకీ మందును ‘నల్లమందు’ అని రాశారు. అది వేరే మందు, వేరే కేసు.)

ఇక జారుడు. మూతి దగ్గర 550తో మొదలుపెట్టి పది పది మీటర్ల ముక్కలుగా వేగం తగ్గిస్తూ, ఒక్కో ముక్కను దాని నడిమి వేగంతో భాగిస్తూ టైమ్ కలుపుకుంటూ వెళ్లండి. 25 మీటర్లకు 0.049 సెకన్లు, 50కి 0.105, 75కు 0.170, 100కు 0.246. టైమ్ వర్గాన్ని 4.9తో గుణిస్తే జారుడు మీటర్లలో వస్తుందని మీకు తెలుసు. 100 మీటర్లకు 29.6 సెం.మీ. వస్తుంది. అది ఎక్కువ. గాలి గుండును ముందుకు పోనివ్వకపోవడమే కాదు, అది పడే వేగాన్నీ పట్టి ఆపుతుంది. అందుకే చేతిలోంచి జారవిడిచిన గుండు కంటే కాల్చిన గుండు కాస్త నెమ్మదిగా పడుతుంది. దిద్దుబాటు ఇలా: ఆ దూరంలో మిగిలిన వేగాన్ని మూతి వేగంతో భాగించి, వర్గమూలం తీసి, రెట్టింపు చేసి, ఒకటి కలిపి, మూడుతో భాగించండి. 100 మీటర్ల దగ్గర మిగిలేది 310. లెక్క చేస్తే 0.83 వస్తుంది. 29.6ను దానితో గుణిస్తే 24.7 సెం.మీ. ఇలాగే 25 దగ్గర 1.1, 50 దగ్గర 5, 75 దగ్గర 12.4.

ఇప్పుడు నన్ను ఏళ్లుగా విసిగిస్తున్న మాట. ‘గుండు గొట్టం దాటగానే కొంచెం పైకి లేచి, తర్వాత పడుతుంది కదండీ.’

లేవదు. గొట్టం లోపలి నుంచి ఒక దారం లాగి, బిగించి, నేరుగా ముందుకు కట్టారనుకోండి. గుండు ఆ దారాన్ని ఒక్క వెంట్రుకవాసి కూడా దాటి పైకి పోదు. మూతి దాటిన మొదటి క్షణం నుంచీ దారం కిందే. అప్పటిదాకా గొట్టం మోసింది, ఇప్పుడు మోసేవాళ్లు లేరు. అంతే.

మరి 25 మీటర్ల దగ్గర గురిపెట్టిన చుక్కకు పైన ఎందుకు తగిలింది? ఎందుకంటే మీరు చూసేది ఆ దారం వెంట కాదు, ఇంకో దారం వెంట. గొట్టం నడిమికి సుమారు 2 సెం.మీ. పైన గురి పలకలు (తుపాకీ మీద గురి చూసే గుర్తులు) ఉన్నాయి. మీ చూపు అక్కడి నుంచి బయల్దేరుతుంది. 50 మీటర్ల దగ్గర గుండు చూపును కలవాలంటే గొట్టాన్ని ఆ 2 సెం.మీ.కూ, జారే 5 సెం.మీ.కూ సరిపడా పైకి వంచాలి. 50 మీటర్లకు 7 సెం.మీ. అంటే డిగ్రీలో పన్నెండో వంతు, కంటికి కనపడదు. కనపడదు కాబట్టే గొట్టం, చూపు ఒకే తిన్నగా ఉన్నాయని అనుకుంటారు. 25 మీటర్ల దగ్గర గొట్టం దారం 3.5 ఎక్కింది. అందులోంచి చూపు ఎత్తు 2 తీసేస్తే దారం చూపుకు 1.5 పైన ఉంది. గుండు దారానికి 1.1 కింద ఉంది. తేడా 0.4 సెం.మీ., చూపుకు పైన. లేచింది దారం, గుండు కాదు.

ఇంకా నమ్మకం కలగకపోతే తుపాకీని పక్కకు పడుకోబెట్టి గురిపెట్టినట్టు ఊహించుకోండి. అప్పుడు గుండు చూపుకు పక్కగా జరుగుతుంది. పైకి లేచే గుణం గుండులోనే ఉంటే పడుకోబెట్టినా పైకే లేవాలి కదా? బల్ల మీద రెండు దారాలు పరిచి, ఒకదాన్ని రవ్వంత వంచి చూడండి. ఆ తర్వాత ఈ ప్రశ్న నాకు పంపకండి.

50 దగ్గర సరిచేసిన, అంటే అక్కడ గుండు చూపును కలిసేలా పెట్టుకున్న రైఫిల్‌లో గుండు చూపును మొదటిసారి దాటేది సుమారు 19 మీటర్ల దగ్గర. 75కు 4 సెం.మీ. కింద, 100కు దాదాపు 13 కింద. 475ను మూతి వేగం అనుకున్నవాళ్లకు ఈ 13 కాస్తా 18 అవుతుంది. పైన అంతసేపు నస పెట్టింది ఈ అయిదు సెం.మీ. కోసమే.

నా మటుకు నేను 75 దగ్గర సరిచేసుకుంటాను. 25 దగ్గర 1.7 పైన, 50 దగ్గర 2.6 పైన, 100 దగ్గర 7.5 కింద. 85 మీటర్ల దాకా ఎక్కడా మూడు సెం.మీ. తేడా దాటదు. చుక్క మీద పెట్టి కాల్చడమే, బుర్రకు పనిలేదు. 50 అలవాటున్నవాళ్లు అలాగే ఉంచుకోండి, పోట్లాడను.

అభ్యాసం ఒక్కటే, కానీ గంట పడుతుంది. 13.46 మి.మీ. గుండు. పలక 60 మీటర్ల దూరంలో. చప్పుళ్ల మధ్య తేడా 0.319 సెకన్లు. గాలి 30 డిగ్రీలు, శబ్దవేగం 349. మూతి వేగం, 80 మీటర్ల దగ్గర జారుడు, చూపు ఎత్తు 2 సెం.మీ. అయితే 60 దగ్గర సరిచేసినప్పుడు గుండు చూపును మొదటిసారి దాటే చోటు కనుక్కోండి. తర్వాత తేడాను 0.314 చేసి మొత్తం మళ్లీ కట్టండి. మొదటి లెక్కలో మూతి వేగం 480కి అటూ ఇటూ అయిదు లోపల రాకపోతే జారుడు జోలికి పోకండి, వెనక్కెళ్లి శబ్దం తీసేశారో లేదో చూసుకోండి.