విండోస్ నుంచి లినక్స్‌కు: ముందు ప్రోగ్రాములు, ఆ తరువాతే సిస్టమ్

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం లేని కంప్యూటర్లను, తన జాబితాలో లేని పాత ప్రాసెసర్లను విండోస్ 11 అధికారికంగా అంగీకరించదు. అందువల్ల చక్కగా పనిచేస్తున్న కంప్యూటర్లు ఎన్నో దారి మూసుకుపోయిన స్థితిలో మిగిలాయి. వాటికి విండోస్ స్థానంలో ఉచితంగా వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్ నిజమైన పరిష్కారమని నా దృఢమైన అభిప్రాయం. అయితే సిస్టమ్‌ను, ప్రోగ్రాములను ఒకే రోజున మార్చుకున్నవారు రెండింటి మధ్య చిక్కుకొని, వారం తిరగకుండానే వెనక్కి వెళ్లిపోతారు. కాబట్టి విండోస్‌లో ఉండగానే ప్రోగ్రాములు మార్చుకొని, వాటికి చెయ్యి అలవాటు పడిన తరువాతే సిస్టమ్‌ను మార్చడం మంచిది.

దీనికి మొదట మీరు నిత్యం తెరిచే ప్రోగ్రాములన్నింటినీ ఒక కాగితం మీద రాసుకోవాలి. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, వీఎల్‌సీ, థండర్‌బర్డ్, గింప్, లిబ్రేఆఫీస్ వంటివి రెండు సిస్టమ్‌లలోనూ ఒకే తీరుగా ఉంటాయి కనుక వాటి గురించి ఆలోచించనవసరం లేదు. మైక్రోసాఫ్ట్ ఆఫీస్, ఫోటోషాప్ వంటి వాటికి మాత్రం లినక్స్ రూపం లేదు. మీ వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను విండోస్‌లోనే లిబ్రేఆఫీస్‌తో తెరిచి కొన్ని వారాలు పనిచేసి చూడండి. మామూలు ఉత్తరాలు, పట్టికలు సాఫీగానే తెరుచుకుంటాయి గానీ, మాక్రోలు (పనులను వాటంతట అవే చేసే ఆదేశాల వరుసలు) ఉన్న ఎక్సెల్ ఫైళ్లు, క్లిష్టమైన పేజీ అమరిక ఉన్న పత్రాలు ఇబ్బంది పెట్టవచ్చు. విండోస్ ప్రోగ్రాములను నడిపే వైన్ అనే సాధనం ఉన్నప్పటికీ, జీవనోపాధికి అవసరమైన ప్రోగ్రామును దాని మీద ఆధారపడేలా చేయడం నేను సమర్థించను. అటువంటి ప్రోగ్రాము ఒక్కటున్నా విండోస్‌ను పక్కనే ఉంచుకోవాలి. ఆటల్లో చాలా భాగం స్టీమ్ అనే ఆటల దుకాణంలోని ప్రోటాన్ సాధనం ద్వారా నడుస్తాయి. మోసాన్ని అడ్డుకునే రక్షణ ఉన్న ఆన్‌లైన్ ఆటలు కొన్ని మాత్రం నడవవు. యూనికోడ్ కాని పాత ఫాంట్లతో టైపు చేసిన తెలుగు పత్రాలు మీ దగ్గర ఉంటే, వాటిని యూనికోడ్‌లోకి మార్చే పని కూడా ఈ దశలోనే ముగించుకోండి.

తరువాత ఫైళ్ల నకలు తీయాలి. ఇందులో తొందర పనికిరాదు. బయటి డిస్కులోకి నకలు తీసి, కొన్ని ఫైళ్లను అక్కడి నుంచే తెరిచి సరిచూసుకోవాలి. వన్‌డ్రైవ్ వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే ఫోల్డర్‌లో కనిపించే ఫైళ్లలో కొన్ని నిజానికి ఇంటర్నెట్‌లోనే ఉండి, కంప్యూటర్‌లో వాటి పేర్లు మాత్రమే ఉండవచ్చు. వాటిని ముందుగా దించుకోవాలి. కొన్ని కంప్యూటర్లలో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ రక్షణ యజమానికి తెలియకుండానే అమలులో ఉంటుంది. బూట్ అమరికలు (కంప్యూటర్ మొదలయ్యే తీరును నిర్ణయించేవి) మారితే అది రికవరీ కీ అడుగుతుంది, ఆ కీ లేకపోతే డిస్కులోని సమాచారం చేతికి రాదు. అందుచేత ఆ కీని ముందే కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

లినక్స్‌లో డిస్ట్రోలు, అంటే వేర్వేరు బృందాలు తయారుచేసిన రూపాలు, అనేకం ఉన్నాయి కానీ, ఎంపిక గురించి నెలల తరబడి ఆలోచించడం అనవసరం. విండోస్‌కు అలవాటు పడినవారికి లినక్స్ మింట్ అనే డిస్ట్రోలోని సిన్నమన్ రూపం సరిపోతుంది. పాత, బలహీనమైన కంప్యూటర్‌కు మింట్‌లోనే తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ రూపం మేలు. మింట్ 22కు కనీసం 2 జీబీ ర్యామ్ కావాలంటారు, హాయిగా పనిచేయాలంటే 4 జీబీ ఉండాలి. అధికారిక సైటు నుంచి ఐఎస్ఓ ఫైలు (సిస్టమ్ మొత్తం ఉన్న ఒకే ఫైలు) దించుకొని, రూఫస్ లేదా ఎచర్ అనే ప్రోగ్రాముతో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు ఉన్నదంతా చెరిగిపోతుంది. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు బూట్ మెనూ (దేని నుంచి మొదలవ్వాలో ఎంచుకునే జాబితా) తెరిచి పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుంటే, డిస్కును తాకకుండానే లినక్స్ తెర మీదికి వస్తుంది. ఈ దశలోనే వైఫై, శబ్దం, కెమెరా, ప్రింటర్, నిద్రావస్థ నుంచి మేల్కొనడం, అన్నీ పరీక్షించాలి. వీటిలో ఏదైనా పనిచేయకపోతే ఇన్‌స్టాల్ చేయడం ఆపి, ముందు దానికి పరిష్కారం వెతకండి.

పరీక్ష తృప్తికరంగా ఉంటే, విండోస్‌ను తీసివేయకుండా దాని పక్కనే లినక్స్ పెట్టుకోవచ్చు. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్‌ను కుదించి ఖాళీ స్థలం చేయండి, ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపివేయండి. అది అమలులో ఉంటే విండోస్ పూర్తిగా మూతపడదు, అప్పుడు లినక్స్ నుంచి ఆ డ్రైవ్‌లో రాయడం కుదరదు. ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నలు తేలికైనవే; డిస్కు మొత్తాన్ని చెరిపివేసే ఎంపికను మాత్రం రెండుసార్లు చదివి చూసుకోండి. రెండు సిస్టమ్‌ల మధ్య గడియారం కొన్ని గంటలు తేడా చూపితే కంగారు పడవద్దు, సమయాన్ని అవి వేర్వేరు పద్ధతుల్లో భద్రపరచడమే దానికి కారణం.

లినక్స్‌లో అడుగుపెట్టాక మార్చుకోవలసిన మొదటి అలవాటు, ప్రోగ్రాముల కోసం సైట్లు వెతకడం. ఇక్కడ చాలావరకు సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచే దొరుకుతాయి, అప్‌డేట్లు కూడా సిస్టమ్‌తో పాటే వస్తాయి. మొదటి రోజే సిస్టమ్ స్థితిని భద్రపరిచే టైమ్‌షిఫ్ట్ సాధనాన్ని అమర్చుకుంటే, ఏదైనా అప్‌డేట్ బెడిసికొట్టినప్పుడు సిస్టమ్‌ను పాత స్థితికి తేవచ్చు; అయితే అది మామూలుగా మీ సొంత ఫైళ్లను భద్రపరచదు కనుక, వాటి నకలు వేరుగా ఉండాలి. తెలుగు టైపింగ్‌కు కీబోర్డ్ అమరికల్లో తెలుగు లేఅవుట్ చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషలకు ప్రామాణిక కీబోర్డ్) వస్తుంది. ఆర్‌టీఎస్ పద్ధతిలో (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే తీరు) టైపు చేసేవారు ఐబస్ అనే టైపింగ్ సాధనంతో పాటు ఎం17ఎన్ ప్యాకేజీని కూడా వేసుకోవాలి. ఇంటర్నెట్‌లో కనిపించిన ఆదేశాలను, ముఖ్యంగా సిస్టమ్ మీద పూర్తి అధికారం ఇచ్చే సుడో అనే మాటతో మొదలయ్యేవాటిని, అవి ఏమి చేస్తాయో తెలియకుండా టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) అతికించవద్దు. కొన్ని నెలలపాటు విండోస్‌లోకి వెళ్లవలసిన అవసరం రాలేదని నిర్ధారించుకున్న తరువాత, అందులో మిగిలిన ఫైళ్లను మరొకసారి సరిచూసుకొని ఆ స్థలాన్ని లినక్స్‌కు ఇవ్వండి.