మిత్తికిచ్చే మనిషికి లైసెన్సు ఉందో లేదో తెలుసుకోవడం ఎలా? అభ్యంతరం ఎక్కడ చెప్పాలి?

తొలకరి పడగానే దేవరకొండ నుంచి అచ్చంపేట దాకా పత్తి గింజల ప్యాకెట్లతో పాటు ప్రామిసరీ నోట్లు కూడా ఊళ్లలో తిరుగుతాయి. నిరుడు మా చిన్నమ్మ సేటు దగ్గరికి బయల్దేరుతుంటే ఆమె చేతిలో అలాంటి నోటు చూశాను. రూపాయి రెవెన్యూ స్టాంపు మీద ఆమె వేలిముద్ర ఇంకా తడారలేదు. అంకె రాయాల్సిన చోటు ఖాళీ, తారీఖు ఖాళీ. ‘ముప్పై వేలని ఇద్దరికీ ఎరుకే గద బిడ్డా’ అంది. ఆయనకు లైసెన్సు ఉందా అని అడిగితే ఆమె నన్ను వింతగా చూసింది: ‘మిత్తికిచ్చేటందుకు లైసెన్సేంది?’

ఉంది. అదీ కొత్తగా వచ్చింది కాదు. నిజాం కాలంలో, 1349 ఫసలీలో, అంటే 1939-40లో హైదరాబాద్ రాజ్యంలో వచ్చిన మనీ లెండర్స్ చట్టమే ఇప్పటికీ మన తెలంగాణ జిల్లాల్లో నడుస్తోంది. వడ్డీకివ్వడం వ్యాపారంగా పెట్టుకున్నవారు లైసెన్సు తీసుకోవాలి. దరఖాస్తు మీసేవలో మొదలై తహసీల్దారు బల్ల మీదికి వస్తుంది. ఆ బల్ల మీద ఉన్న కాగితాన్ని చూపించమని అడిగే హక్కు మీకుంది. నోటు మీద వేలిముద్ర వేసే ముందే ఈ హక్కును వాడుకోవాలని నా గట్టి కోరిక.

ముందు ఆయన ఎవరో తేల్చుకోండి

అందరి పేర్లూ తహసీల్ ఆఫీసులో దొరకవు. ఫైనాన్స్ కంపెనీ అయితే రిజర్వ్ బ్యాంకు దగ్గర నమోదై ఉండాలి. ఆ కంపెనీల జాబితా రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్లో ఉంటుంది. అలా నమోదైన కంపెనీలకు రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు వర్తించవని సుప్రీంకోర్టు 2022 మేలో చెప్పింది. కాబట్టి వాటి గురించి తహసీల్దారును అడిగితే ఫలితం ఉండదు. చిట్టీల వ్యవహారం 1982 చిట్ ఫండ్స్ చట్టం కిందికి వస్తుంది. బంగారం గిర్వి పెట్టుకునే దుకాణానికి పాన్ బ్రోకర్ లైసెన్సు వేరుగా ఉంటుంది. ఇక బావమరిదో పక్కింటాయనో ఆపదలో ఇచ్చిన చేబదులు వ్యాపారం కాదు, దాన్ని ఇందులోకి లాగకండి.

మిగిలింది ఊళ్లో నోట్ల మీద అప్పులిచ్చే షావుకారు, సంతలో గిరిగిరి, అంటే రోజువారీ కట్టే అప్పులు, తిప్పే మనిషి. మనం అడగాల్సింది వీళ్ల గురించే.

గిరిగిరి లెక్క ఒకసారి వేసి చూడండి. నోటు పది వేలకు. వెయ్యి ముందే కోసుకొని చేతిలో తొమ్మిది వేలు పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. చూడటానికి నూటికి పదే. కానీ అసలు రోజురోజుకూ తిరిగి వెళ్లిపోతూనే ఉంటుంది కాబట్టి ఆ వంద రోజుల్లో సగటున మీ దగ్గరున్నది నాలుగున్నర వేలు. దాని మీద వెయ్యి రూపాయలు, అదీ మూడు నెలల పది రోజులకే. ఏడాదికి చూస్తే నూటికి ఎనభై దాకా పోతుంది. కూరగాయల తట్ట ముందు కూర్చున్న అమ్మకు ఈ లెక్క ఎవరూ చెప్పరు.

తర్వాత సమాచార హక్కు దరఖాస్తు రాయండి

తెల్లకాగితం చాలు. పైన ‘పౌర సమాచార అధికారి గారికి, తహసీల్దారు కార్యాలయం’ అని మండలం పేరుతో రాసి, సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద దరఖాస్తు అని పెట్టండి. కింద ఇలా అడగండి:

‘మన మండలంలో నేటికి చెల్లుబాటులో ఉన్న వడ్డీ వ్యాపార లైసెన్సుల జాబితా ఇవ్వగలరు. అందులో లైసెన్సుదారు పేరు, వ్యాపారం చేసే చోటు, లైసెన్సు ఇచ్చిన తేదీ, గడువు తేదీ ఉండాలి. గత రెండేళ్లలో కొత్త లైసెన్సుకు, రెన్యువల్‌కు వచ్చిన దరఖాస్తులెన్ని, తిరస్కరించినవెన్ని, ఇంకా పెండింగులో ఉన్నవెన్ని? లైసెన్సుదారుల మీద వచ్చిన ఫిర్యాదులు, వాటిపై తీసుకున్న చర్యల నకళ్లు ఇవ్వగలరు. లైసెన్సు రిజిస్టరు, దరఖాస్తుల ఫైలు స్వయంగా చూసేందుకు తేదీ, సమయం తెలుపగలరు.’

చివరి వాక్యాన్ని మాత్రం వదిలిపెట్టకండి. రికార్డును కళ్లారా చూసే హక్కు ఈ చట్టంలోనే ఉంది, మొదటి గంటకు రుసుము లేదు. నకలు చేతికి రావడం ఆలస్యమైనా, రిజిస్టరు ముందు కూర్చుంటే చూపుడువేలు పెట్టి వరుసగా చదువుకోవచ్చు. ఎవరి గడువు ఎప్పుడు తీరిందో అక్కడే రాసుకోవచ్చు.

‘ఫలానా ఆయనకు ఎందుకిచ్చారు?’ అని రాయకండి. ఈ చట్టం కింద వచ్చేవి రికార్డులు, సంజాయిషీలు కావు. ఆధార్, ఫోన్ నంబర్ల జోలికీ వెళ్లకండి. వ్యక్తిగత వివరాలంటూ మొత్తం దరఖాస్తునే తిప్పి పంపే వీలు వాళ్లకు దొరుకుతుంది. లైసెన్సుదారు పేరు కూడా వ్యక్తిగతమే అంటే సెక్షన్ 4(1)(బి) చూపించండి. తాము ఇచ్చిన పర్మిట్లు, అనుమతులు పొందినవారి వివరాలు ఎవరూ అడగకముందే ప్రకటించాలని అందులోని పదమూడో అంశం ఆ కార్యాలయానికే చెబుతోంది.

మండల స్థాయి ఆఫీసులో రుసుము 5 రూపాయలు. తెల్ల రేషన్ కార్డు ఉంటే అదీ అక్కర్లేదు, కార్డు నకలు జతచేయండి. ఎందుకు కావాలని ఎవరు అడిగినా కారణం చెప్పాల్సిన పని లేదు. రాయడం రానివారు నోటితో చెబితే రాసిపెట్టడం ఆ అధికారి బాధ్యత. రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోకుండా గడప దాటకండి.

ముప్పై రోజులు చూడండి. జవాబు రాకపోయినా, అరకొరగా వచ్చినా ఆ తర్వాతి ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. అప్పీలు అధికారి ఎవరో ఆఫీసు బోర్డు మీద ఉంటుంది. అక్కడా తేలకపోతే తొంభై రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు.

పేరు లేకపోతే, ఉన్నా తీరు బాగాలేకపోతే

పేరు లేదని తేలితే ఆ జవాబు కాగితాన్ని జాగ్రత్తగా దాచుకోండి. రేపు ఆయన నోటు పట్టుకొని కోర్టుకు వెళ్తే, మీ వకీలు మొదట వేసే ప్రశ్న లైసెన్సు గురించే. వకీలును పెట్టుకునే స్తోమత లేనివారు నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లవచ్చు. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ ఉచిత న్యాయ సాయం అందుతుంది. ఫోన్ చేయాలంటే 15100.

పేరుండి, ఖాళీ నోట్లు రాయించుకుంటున్నా, ఖాళీ చెక్కులూ పట్టా పాసుపుస్తకాలూ లాక్కుంటున్నా అభ్యంతరం రాసివ్వండి. దరఖాస్తు పెండింగులో ఉన్నప్పుడో, గడువు తీరి రెన్యువల్‌కు వచ్చినప్పుడో ఇస్తే దానికి బలం ఎక్కువ. గడువు తేదీ అడగమన్నది ఇందుకే. పుకార్లు రాయకండి. ఏ నెలలో ఎంత తీసుకున్నారు, చేతికి ఎంత వచ్చింది, ఎంత కట్టారు, రసీదు ఇచ్చారా లేదా, ఇవి చాలు. ఒక్కరే రాస్తే ఊళ్లో ఒత్తిడి వస్తుంది, నాకు తెలుసు. మహిళా సంఘంలో నలుగురైదుగురు కలిసి సంతకాలు చేసి, ఒక ప్రతి తహసీల్దారుకు, ఇంకోటి సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి.

మా చిన్నమ్మ ఆ రోజు వెళ్లలేదు. రెండు రోజులాగి, ముప్పై వేలు అని అంకెల్లో, అక్షరాల్లో రాయించి, తారీఖు వేయించి, నోటును ఫోన్లో ఫొటో తీయించుకున్నాకే డబ్బు తీసుకుంది. లైసెన్సు సంగతి అడిగితే సేటు మాట దాటేశాడట. వాళ్ల మండల తహసీల్ ఆఫీసుకు రాసిన సమాచార హక్కు దరఖాస్తు కింద మొదటి వేలిముద్ర ఆమెదే.