లెక్క వచ్చు, ప్రశ్నే అర్థం కాదు: లెక్కల మాటలు ఇంట్లో ఎలా నేర్పాలి

ఆరో తరగతి పిల్లాణ్ని పిలిచి పదిహేనులోంచి ఎనిమిది తీసేస్తే ఎంతరా అంటే ఠక్కున ఏడు అంటాడు. అదే పరీక్ష పేపర్లో "8ని 15 నుండి వ్యవకలనం చేయుము" అని కనిపిస్తే పెన్ను ఆగిపోతుంది, లేదంటే ముందు కనపడింది 8 కాబట్టి 8 పైన వేసి 15 కింద వేసి అక్కడే ఇరుక్కుంటాడు. వాడికి తీసివేత రాక కాదు, వ్యవకలనం అన్నా అదేనని ఎవరూ వాడి చేత చేయించలేదు. చాలా ఇళ్లలో దీనికే "మావాడికి లెక్కలు రావండీ" అనేస్తున్నారు, పిల్లాడి ముందే అనేస్తున్నారు. నాకు బాధ అనిపించేది అక్కడే.

మన డెల్టా ఊళ్లలో, భీమవరం, పాలకొల్లు వైపైనా అమలాపురం, రాజోలు వైపైనా, పిల్లల చెవిన లెక్క పడని రోజు ఉండదు. ఎకరానికి ఎన్ని బస్తాలు, రొయ్య ఎంత కౌంటు, వెయ్యి కొబ్బరికాయ ఎంత పలికింది, నూటికి ఎంత వడ్డీ. ఆ మాటల్ని పుస్తకం మాటలతో కలిపితే సగం టెన్షన్ పోతుంది. దీనికి మీకు టెన్త్ లెక్కలు రావక్కర్లేదు, సాయంత్రం ఒక అరగంట పక్కన కూర్చుంటే చాలు.

ముందు ఒక నోట్‌బుక్ పెట్టండి

ప్రభుత్వ బడుల లెక్కల పుస్తకం తెరిస్తే ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. ఇంగ్లీషు మీడియం పిల్లలు తెలుగు పేజీ వైపు చూడనే చూడరు, పెద్దవాళ్లు కూడా అది ఎందుకులే అన్నట్టు ఉంటారు. నేనైతే రెండు పేజీలూ వేళ్లతో పట్టుకుని చదివిస్తాను. ఈ పేజీలో న్యూమరేటర్ ఎక్కడుందో చూడు, ఆ పేజీలో అదే చోట ఏముందో చూడు: లవం. ఇలా పిల్లాడే వెతికి పట్టుకున్న మాట మర్చిపోవడం కష్టం.

నోట్‌బుక్‌లో పేజీకి ఒక్క మాటే రాయించండి. పైన పుస్తకం మాట, పక్కన ఇంగ్లీషు మాట, ఆ పక్కన ఇంట్లో మాట. సంకలనం, అడిషన్, కూడిక. గుణకారం, మల్టిప్లికేషన్, హెచ్చవేత. కింద ఒక లెక్క, అది కూడా వాడు సొంతంగా వేసుకున్నది. నిర్వచనం రాయించొద్దు, బట్టీ అసలు పెట్టించొద్దు. రోజుకి రెండు మూడు మాటలు దాటితే మొదట నేర్చుకున్నవి జారిపోతాయి.

భాగహారం పేజీ ఎలా ఉండాలో చెప్తాను. కళ్లంలో వెయ్యి కేజీల ధాన్యం ఉంది, బస్తాకి 75 కేజీలు పడతాయి. 13 బస్తాలు నిండుతాయి, 25 కేజీలు మిగులుతుంది. ఇక్కడ పంచుతున్న వెయ్యి విభాజ్యం, 75 విభాజకం, వచ్చిన 13 భాగఫలం, మిగిలిన 25 శేషం. వెంటనే వెనక్కి కట్టించండి: 75ని 13తో హెచ్చవేసి 25 కలిపితే మళ్లీ వెయ్యి రావాలి. ఆ వెయ్యి వచ్చినప్పుడు పిల్లల మొహం చూడాలి. నాలుగు మాటలూ ఒకే లెక్కలో వాటి వాటి చోట్లలో కూర్చుంటాయి కాబట్టి విడివిడిగా నేర్పాల్సిన పని లేదు.

నుండి, తో, కంటే

పెద్ద మాటలకన్నా పిల్లల్ని ఎక్కువ పడగొట్టేవి ఈ చిన్న ముక్కలే. "8ని 15 నుండి" అన్నా "15 నుండి 8ని" అన్నా ఒకటే, 'నుండి' ఏ అంకెకి అంటుకుని ఉంటే అది పైన రాయాలి. అలాగే 'తో' గానీ 'చే' గానీ ఏ అంకె పక్కన ఉంటే అది విభాజకం: "4తో 20ని భాగించుము", "20ని 4చే భాగించుము", రెండింటికీ జవాబు 5. పిల్లాడి చేత ప్రశ్నలో ఆ ముక్క కింద గీత గీయించండి, అంకె కింద కాదు.

'కంటే' దగ్గర మరీ జాగ్రత్త. "సీత దగ్గర 12 కాయలు ఉన్నాయి, అవి రాధ దగ్గర ఉన్నవాటి కంటే 5 ఎక్కువ, రాధ దగ్గర ఎన్ని?" ఎక్కువ అన్న మాట కనపడగానే 17 అని రాసేస్తారు. జవాబు 7. మొత్తం అంటే కూడు, మిగిలింది అంటే తీసెయ్, చొప్పున అంటే హెచ్చవెయ్ అని పట్టికలు నేర్పే పద్ధతి ఒకటి ఉంది. అది నాకు నచ్చదు, ఎందుకంటే ఇలాంటి ప్రశ్న రాగానే ఆ పట్టికే పిల్లాణ్ని ముంచుతుంది. దానికి బదులు లెక్క మొదలుపెట్టే ముందు ప్రశ్నని తన మాటల్లో మీకు చెప్పమనండి. ఎవరి దగ్గర ఎక్కువున్నాయి, ఎవరివి అడుగుతున్నాడు? ఈ రెండూ చెప్పగలిగితే చెయ్యాల్సింది కూడికో తీసివేతో వాడికే తెలిసిపోతుంది.

ఇంకో మూడు మాటలు పక్కపక్కన చెప్పించండి: 6, 4ల మొత్తం 10, భేదం 2, లబ్ధం 24. ఐదుకి రెట్టింపు 10, ఐదు వర్గం 25, ఐదు ఘనం 125. వర్గాన్ని రెట్టింపు అనుకునే పిల్లలు ఎనిమిదో తరగతిలో కూడా ఉన్నారు.

నాలుగింట మూడు

ఇది కాస్త నిదానంగా చెయ్యండి. తెలుగులో భిన్నాన్ని పలికేటప్పుడు కింద అంకె ముందు వస్తుంది, నాలుగింట మూడు వంతులు అంటాం. ఇంగ్లీషులో పై అంకె ముందు, త్రీ బై ఫోర్. పొద్దున బడిలో ఒకటి విని సాయంత్రం ఇంట్లో ఇంకోటి వింటే పిల్లాడు 4/3 అని రాయడంలో వింత లేదు. కాబట్టి ఒక గుర్తు పెట్టించండి: 'ఇంట' అని వినపడిన అంకె హారం, అది గీత కింద, ఆ తర్వాతది లవం, అది గీత పైన. 'నూటికి ఇరవై' కూడా ఇదే దారి, నూరు కింద, ఇరవై పైన, అదే 20 శాతం.

చేత్తో చూపించాలంటే మామిడి తాండ్ర బాగుంటుంది. ఒక ముక్క తీసుకుని ఎనిమిది ముక్కలు కొయ్యండి, స్కేలు పెట్టి సమానంగా కొయ్యండి, ఎందుకంటే సమానం కాకపోతే అది భిన్నమే కాదు, ఈ ఒక్క సంగతీ పిల్లలకి బలంగా పట్టాలి. మూడు ముక్కలు పక్కన పెడితే ఎనిమిదింట మూడు. తర్వాత అంతే ఉన్న ఇంకో తాండ్ర ముక్కని నాలుగే ముక్కలు చేసి, ఇందులో ఒకటి కావాలా అందులో ఒకటి కావాలా అని అడగండి. హారం పెద్దదైతే ముక్క చిన్నదవుతుందని ఎవరూ చెప్పక్కర్లేదు, చెయ్యి ఎటు పోతుందో చూస్తే సరి.

లవం చిన్నదైతే క్రమభిన్నం. లవం హారంతో సమానమైనా పెద్దదైనా అపక్రమభిన్నం. పూర్తి అంకె, దాని పక్కన భిన్నం ఉంటే మిశ్రమభిన్నం. మనం రోజూ అనే రెండుముప్పావు మిశ్రమభిన్నమే, దాన్ని పావుల్లోకి మారిస్తే 11 పావులు, అంటే 11/4. పావు, అర, ముప్పావు వచ్చిన పిల్లలకి ఇది కొత్తేం కాదు.

రొయ్య కౌంటు, వడ్డీ

అనుపాతం పాఠానికి మన దగ్గర ఉన్నంత మంచి ఉదాహరణ ఇంకెక్కడుంది చెప్పండి. కౌంటు అంటే కేజీకి తూగే రొయ్యల సంఖ్య. 100 కౌంటు అంటే ఒక్కో రొయ్య సగటున 10 గ్రాములు, 50 కౌంటు అంటే 20 గ్రాములు, 40 కౌంటు అంటే 25 గ్రాములు. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దదవుతుంది, రెండింటినీ హెచ్చవేస్తే ఎప్పుడూ వెయ్యే. ఇదే విలోమానుపాతం. ఇక అదే కౌంటు రొయ్య రెండు కేజీలు కొంటే ఎంత, నాలుగు కేజీలు కొంటే ఎంత అనేది అనులోమానుపాతం, ఒకటి రెట్టింపయితే రెండోదీ రెట్టింపు.

వడ్డీ దగ్గర ఇంటి మాటకీ పుస్తకం మాటకీ తేడా ఉంది, అది చెప్పకపోతే జవాబు తప్పిపోతుంది. ఇంట్లో జరిగే మాట ఇలా ఉంటుంది:

"తాతయ్యా, ఆ యాభై వేలకి వడ్డీ ఎంత?"

"నూటికి రెండురా."

తాతయ్య చెప్పింది నెలకి. పుస్తకంలో వడ్డీరేటు మామూలుగా సంవత్సరానికి. అంటే నూటికి రెండు అన్నది పుస్తకంలోకి వెళ్లేసరికి 24 శాతం అవుతుంది. యాభై వేలు అసలు, ఏడాదిన్నర కాలం. తాతయ్య లెక్కన నెలకి వెయ్యి, 18 నెలలకి 18,000. పుస్తకం లెక్కన 50,000 మీద 24 శాతం, ఒకటిన్నర ఏళ్లకి, అదీ 18,000. రెండు దారుల్లోనూ చేయించండి. ఇది బారువడ్డీ, పుస్తకంలో సాధారణ వడ్డీ అంటారు. వడ్డీని అసలుకి కలిపి దాని మీద మళ్లీ వడ్డీ కడితే చక్రవడ్డీ. అసలు, వడ్డీ రెండూ కలిపితే మొత్తం, ఈ 'మొత్తం' కూడికలో మొత్తం లాంటిదే గానీ ఇక్కడ ప్రత్యేకంగా తిరిగి కట్టాల్సిన డబ్బు.

అడుగు, చదరపు అడుగు, ఘనపుటడుగు

మనం ఇంటి స్థలాన్ని "నూట ముప్పై గజాలండీ" అంటాం, 'చదరపు' అన్న మాట మింగేస్తాం. పెద్దవాళ్లకి ఇబ్బంది లేదు, పిల్లాడికి మాత్రం గజం పొడవా వైశాల్యమా అన్న తికమక అక్కడే మొదలవుతుంది. కొన్ని రోజులు పూర్తిగా చదరపు గజాలు అనండి. 40 అడుగులు, 30 అడుగుల స్థలం ఒకటి కాగితం మీద గీయించండి. చుట్టూ కంచె వెయ్యాలంటే 140 అడుగులు, అది చుట్టుకొలత. లోపలి నేల 1200 చదరపు అడుగులు, అది వైశాల్యం. ఒక సెంటుకి 435.6 చదరపు అడుగులు కాబట్టి ఇది దాదాపు రెండుముప్పావు సెంట్లు. నూరు సెంట్లు ఒక ఎకరం. సెంటుకీ సెంటీమీటరుకీ సంబంధం లేదని కూడా ఓసారి చెప్పేయండి, అడగడానికి సిగ్గుపడేవాళ్లు ఉంటారు.

ఘనపరిమాణానికి గోదావరే చాలు. క్యూసెక్కు అంటే ఒక సెకనులో పారే ఒక ఘనపుటడుగు నీరు. ధవళేశ్వరం దగ్గర వరద 10 లక్షల క్యూసెక్కులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. లంక ఊళ్ల పిల్లలకి ఈ అంకెలు నోటికొచ్చు, కానీ లక్ష పక్కన ఎన్ని సున్నాలో రాయమంటే తడబడతారు. రాయించండి. టీఎంసీ అంటే వెయ్యి మిలియన్ ఘనపుటడుగులు, మన లెక్కలో నూరు కోట్లు. 10 లక్షల క్యూసెక్కులు పారుతుంటే ఒక టీఎంసీ వెళ్లడానికి ఎంతసేపు? వెయ్యి సెకన్లు, అంటే పదహారు నిమిషాల నలభై సెకన్లు. స్థానవిలువ, భాగహారం, కాలం, అన్నీ ఇందులోనే వచ్చేశాయి.

ఒకేలా వినపడేవి

పూర్ణాంకాలు అంటే 0, 1, 2 నుంచి పైకి. పూర్ణసంఖ్యలు అంటే వాటికి -1, -2 లాంటి రుణసంఖ్యలు కూడా కలిపి. పేపర్లో ఈ రెండూ తారుమారు చేసి అడుగుతారు.

12ని శేషం లేకుండా భాగించేవి 1, 2, 3, 4, 6, 12, ఇవి కారణాంకాలు. 12 ఎక్కంలో వచ్చేవి 12, 24, 36, అలా పోతూనే ఉంటాయి, ఇవి గుణిజాలు. గసాభా, కసాగు అని గబగబా అనేస్తారు గానీ విడమరిచి చెప్పించండి: గరిష్ఠ సామాన్య భాజకం, కనిష్ఠ సామాన్య గుణిజం. రేవులో ఒక పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) 20 నిమిషాలకోసారి, ఇంకోటి 30 నిమిషాలకోసారి బయల్దేరుతాయి అనుకుందాం. ఇప్పుడు రెండూ కలిసి బయల్దేరితే మళ్లీ ఎప్పుడు? 60 నిమిషాలకి, అది కసాగు. 48 కొబ్బరికాయలు, 36 అరటిపళ్లు ఏదీ మిగలకుండా ఎక్కువలో ఎక్కువ ఎన్ని పళ్లేల్లో సమానంగా సర్దొచ్చు? 12, అది గసాభా. పళ్లేనికి నాలుగు కాయలు, మూడు పళ్లు.

కర్ణం రెండు చోట్ల వస్తుంది: లంబకోణ త్రిభుజంలో లంబకోణానికి ఎదురు భుజం, చతుర్భుజంలో ఎదురెదురు శీర్షాల్ని కలిపే రేఖ. వ్యాసం తెలుగు పీరియడ్‌లో రాసేది కూడా, లెక్కల్లో మాత్రం వృత్తానికి అటూ ఇటూ కేంద్రం గుండా పోయే గీత, అందులో సగం వ్యాసార్థం.

సగటు, మధ్యగతం, బాహుళకం: ఐదు చేలల్లో ఎకరానికి 28, 28, 31, 33, 40 బస్తాలు పండాయి. అన్నీ కూడి ఐదుతో భాగిస్తే 32, అది సగటు. వరసలో మధ్యనున్న 31 మధ్యగతం. ఎక్కువసార్లు వచ్చిన 28 బాహుళకం. వరసలో పెట్టకుండా మధ్యది తీసుకోవద్దని గుర్తు చెయ్యండి.

ఈ తెలుగు మాటలు ఇప్పుడెందుకు, అంతా ఇంగ్లీషేగా అని అడిగేవాళ్లకి నేను ఒకటే చెప్తాను. సుమారు తొమ్మిది వందల ఏళ్ల కిందటే పావులూరి మల్లన సంస్కృతంలోని మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంత పాత అలవాటు మనది. పిల్లాడు ఆలోచించేది ఇంటి భాషలో, ఆలోచన కుదిరాక ఇంగ్లీషు మాట దాని పక్కన చేరడానికి ఎంతోసేపు పట్టదు.

వారానికోసారి, ఆదివారం అయితే మంచిది, నోట్‌బుక్ మూసేసి నోటితో నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ వారానికి ఇవి: ఎకరానికి 34 బస్తాల చొప్పున రెండున్నర ఎకరాల్లో ఎన్ని బస్తాలు, బస్తాకి 75 కేజీలైతే ఎన్ని కేజీలు? 96ని 7తో భాగిస్తే భాగఫలం ఎంత, శేషం ఎంత? ఐదింట రెండు వంతులు శాతంలో ఎంత? వ్యాసార్థం 7 మీటర్లున్న వృత్తం పరిధి, వైశాల్యం ఎంత, పై (π) విలువ 22/7 తీసుకుని? జవాబులు: 85 బస్తాలు, 6375 కేజీలు, భాగఫలం 13, శేషం 5, 40 శాతం, పరిధి 44 మీటర్లు, వైశాల్యం 154 చదరపు మీటర్లు. చివరిదానికి చదరపు అనకుండా ఉత్త మీటర్లు అంటే సగం మార్కే వెయ్యండి.