కంప్యూటర్ ఆన్ కావడం లేదా? ముందు ఎక్కడ ఆగిందో చూడండి

కంప్యూటర్ మొరాయించగానే వినిపించేవి రెండే మాటలు: "బోర్డు పోయింది", "ఫార్మాట్ కొట్టించండి". విశాఖ పెదవాల్తేరులో, బీచ్ రోడ్డుకు నడిచి వెళ్లేంత దగ్గరలో ఉంటున్న నేను ఆ రెండింటినీ చివరికి వాయిదా వేస్తాను. మా వైపు సగం కేసుల్లో పోయేది బోర్డు కాదు, తీగలూ ర్యామ్ లాంటివీ బోర్డుకు తగిలే చోటు.

బటన్ నొక్కినా చలనం లేదు

లైటు లేదు, ఫ్యాన్ తిరగదు. అంటే కరెంటు లోపలికి చేరడం లేదు. అదే ప్లగ్గులో ఫోను ఛార్జర్ పెట్టి చూడండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు పక్కన పెట్టి నేరుగా గోడకే తగిలించండి. సీపీయూ వెనుక, తీగ గుచ్చే చోట చిన్న స్విచ్ ఉంటుంది; ఇల్లు ఊడ్చేటప్పుడు అది సున్నా వైపుకు పడిపోవడం నేను రెండుసార్లు చూశాను. అవన్నీ సరిగ్గా ఉంటే అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీదే, అంటే సీపీయూలో కరెంటు సరఫరా చేసే డబ్బా. పనిచేస్తున్న మరొకటి పెట్టి చూడడమే తేలిక పరీక్ష. ఆ డబ్బా మాత్రం విప్పవద్దు. ప్లగ్గు తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లు షాక్ కొట్టగలవు.

ఫ్యాన్ తిరుగుతుంది, తెర నల్లగానే ఉంది

విశాఖలో నాకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే మానిటర్ తీగ దానికే ఉందో లేదో ముందు చూసుకోండి. తరువాత ర్యామ్, అంటే బోర్డు మీది స్లాటులో గుచ్చి ఉండే సన్నని మెమరీ పట్టీ.

మొన్న వానాకాలంలో పక్కింటి పిన్నిగారు వచ్చి, "నాయనా, షాపులో బోర్డే మార్చాలంటున్నారు, ఒకసారి చూడవా?" అన్నారు. పెట్టె సముద్రం వైపు కిటికీ కిందే ఉంది. ర్యామ్ ఊడదీసి ట్యూబ్‌లైటు కింద పట్టుకుంటే బంగారు రంగు గీతల మీద మసక పొర, ఒక మూల పచ్చటి చుక్క. బంగారానికి తుప్పు పట్టదు నిజమే, కానీ ఆ పూత చాలా పలుచన. దాని సన్నని రంధ్రాల కింద ఉన్న నికెల్‌ను, రాగిని ఉప్పు గాలి తినేస్తుంది. వంటింట్లో డబ్బాలోని ఉప్పు ఎలా చెమరుస్తుందో, లోపల పేరుకున్న ఉప్పు దుమ్ము కూడా అలాగే చెమరుస్తుంది.

ప్లగ్గు తీసి, పవర్ బటన్ ఇరవై సెకన్లు నొక్కి ఉంచి, సీపీయూ ఇనుప భాగాన్ని చేత్తో తాకి, అప్పుడు ర్యామ్ తీయండి. పెన్సిల్ రబ్బరుతో గీతలను మెల్లగా రుద్దండి. రబ్బరు పొట్టు స్లాటులో పడకుండా దూరంగా కూర్చోండి. పొడి బట్టతో తుడిచి, టక్‌మని క్లిప్పు పడేదాకా నొక్కండి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి. పిన్నిగారి కంప్యూటర్, ర్యామ్‌ను రెండో స్లాటులో పెట్టాక లేచింది.

ప్లగ్గు తీసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంది

మదర్‌బోర్డు మీది బటన్ సెల్లు అయిపోయింది. సీఆర్ 2032, 3 వోల్టులది, మార్చండి. ఒక చిక్కుంది: సెల్లు చచ్చినప్పుడు బయోస్ (విండోస్ కంటే ముందు కంప్యూటర్‌ను లేపే ప్రోగ్రామ్) సెట్టింగులు మొదటికి రావచ్చు. డిస్కును చదివే పద్ధతి మారితే విండోస్ నీలి తెర చూపించవచ్చు. దానికి ఫార్మాట్ అక్కర్లేదు, పాత సెట్టింగు తిరిగి పెడితే చాలు.

బూట్ డివైస్ (విండోస్ ఉన్న డిస్కు) దొరకలేదంటుంది

పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంటే తీసేయండి. బయోస్‌లో డిస్కు పేరు కనబడితే బూట్ వరుసలో దాన్ని ముందుకు తెండి. కనబడకపోతే దాని తీగలు ఊడదీసి మళ్లీ గుచ్చండి. హార్డ్‌డిస్క్ టక్ టక్‌మంటుంటే ఇక పదే పదే ఆన్ చేయవద్దు, ఫోటోలు ముఖ్యమైతే డేటా తీసేవారికి ఇవ్వండి.

విండోస్ గుర్తు వచ్చి తిరుగుతూనే ఉంటుంది

ఆ గుర్తు వచ్చినప్పుడు బటన్ నొక్కి పట్టి ఆపేయండి. వరుసగా రెండు మూడుసార్లు ఇలా చేస్తే మరమ్మతు తెర వస్తుంది. అందులో స్టార్టప్ రిపేర్, కుదరకపోతే చివరి అప్‌డేట్ తొలగింపు. బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) ఉన్న ల్యాప్‌టాప్ అయితే 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు, ముందే దగ్గర పెట్టుకోండి.

సీపీయూ తడిసింది

ఆన్ చేయవద్దు, అంతే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా కిటికీ అద్దం పగలగొట్టి సీపీయూను తడిపేసింది. రోజుల తరబడి కరెంటు రాకపోవడమే దాన్ని కాపాడింది. వచ్చేసరికి పూర్తిగా ఆరింది, తెల్లటి ఉప్పు మరకలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాకే బటన్ నొక్కాను.