సంప్రదింపు ఫారానికి కాపలా – మూడవ పాఠం: గడిలో దూరే కొత్త వరుస

పొందూరు ఖాదీ అమ్మే ఒక దుకాణం వెబ్‌సైటు కోసం పేరు, ఈమెయిలు, విషయం, సందేశం అనే నాలుగు గడుల ఫారాన్ని గత పాఠంలో తయారుచేసి, అందులో నింపినదంతా, సర్వర్‌లో నడిచే ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీలోని మెయిల్ ఫంక్షన్ ద్వారా దుకాణదారుకు చేరేట్టు చేశాం. ఫారం పని చేస్తోంది. కానీ దాన్ని ఇప్పుడున్న స్థితిలోనే ఇంటర్నెట్‌లో పెట్టకూడదు.

కొన్నేళ్ల క్రితం శ్రీకాకుళంలోని ఒక వస్త్ర దుకాణానికి నేను ఇలాంటి ఫారమే రాసి ఇచ్చాను. ఒక సోమవారం ఉదయం అక్కడి నుంచి ఫోన్ వచ్చింది: “మాస్టారూ, మనం పంపిన బిల్లులు ఎవరికీ అందటం లేదండి, అన్నీ తిరిగొచ్చేస్తున్నాయి.” సర్వర్ తన పనులను నమోదు చేసుకునే లాగ్ తెరిచి చూస్తే, మా ఫారం నుంచే రెండు రాత్రుల్లో ముక్కూమొహం తెలియని వేలమందికి ప్రకటనలు వెళ్లాయని, అందువల్ల మా సర్వర్ స్పామ్ పంపేవాటి జాబితాకు ఎక్కిందని తెలిసింది. దాడి చేసినవాడు పాస్‌వర్డు కనిపెట్టలేదు, సర్వర్‌లోకి చొరబడనూ లేదు. ఒక వరుస ఉండవలసిన ఈమెయిలు గడిలో రెండు వరుసలు పంపాడు.

ఆ రెండో వరుస అంత పని ఎలా చేసిందో తెలియాలంటే ఈమెయిలు నిర్మాణం తెలియాలి. ఈమెయిలు రూపాన్ని నిర్దేశించే, 2008లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 5322 అనే ప్రమాణం ప్రకారం ప్రతి ఈమెయిలులోనూ పైన హెడర్లు (ఎవరి నుంచి, ఎవరికి, విషయం వంటివి చెప్పే వరుసలు), కింద సందేశం ఉంటాయి. అక్షరాలకు సంఖ్యలిచ్చే ఆస్కీ పట్టికలో 13, 10 సంఖ్యలున్న రెండు కనిపించని అక్షరాల జంట, అంటే కొత్త వరుస గుర్తు, ఒక హెడరును ఇంకొక హెడరు నుంచి విడదీస్తుంది. మనం మెయిల్ ఫంక్షన్‌కు ఇచ్చే నాలుగో విలువలో, అంటే నాలుగో ఆర్గ్యుమెంటులో, ‘రిప్లై-టు’ (జవాబు వెళ్లవలసిన చిరునామా) అని రాసి, దాని పక్కన సందర్శకుడు ఇచ్చిన చిరునామాను ఉన్నదున్నట్టు అతికించాం. అతడు చిరునామా తరువాత కొత్త వరుస పెట్టి, ‘బీసీసీ’ (మిగతావారికి కనబడకుండా కాపీ అందుకునేవారు) అని రాసి, వంద చిరునామాలు జోడించాడనుకోండి. మెయిల్ సర్వర్‌కు అది సందర్శకుడు రాసిందో మనం రాసిందో తెలియదు. వరుస మారింది కనుక కొత్త హెడరుగానే తీసుకుని, వందమందికీ కాపీ పంపేస్తుంది.

ఒక వరుస గడిలో ఎంటర్ కొట్టినా వరుస మారదు కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. ఆ అడ్డు బ్రౌజరులోనే ఉంది. దాడి చేసేవాడు బ్రౌజరు వాడడు. కర్ల్ వంటి, ఆదేశం టైపు చేసి అభ్యర్థన పంపే పరికరంతో, ఆ 13, 10 అక్షరాలకు సంకేతాలుగా శాతం గుర్తు పక్కన 0, డీ, మళ్లీ శాతం గుర్తు పక్కన 0, ఏ అని రాసి నేరుగా సర్వర్‌కు పంపుతాడు. బ్రౌజరులో నడిచే జావాస్క్రిప్టుతో పెట్టిన తనిఖీలకూ అదే గతి. కాపలా సర్వర్‌లోనే ఉండాలి.

పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, చెత్త తీసి, మిగిలిన దూదిని వడుకుతారు. ఇక్కడ మాత్రం ఆ పద్ధతి వద్దని నా గట్టి అభిప్రాయం. పేరులోనో, విషయంలోనో, ఈమెయిలులోనో కొత్త వరుస గుర్తు కనబడితే దాన్ని తీసేసి మిగిలింది పంపకండి. నిజమైన కొనుగోలుదారుకు అది పంపే అవసరమే రాదు కనుక అభ్యర్థనను మొత్తంగా తిరస్కరించండి. ఈమెయిలు గడికి పీహెచ్‌పీలోని ఫిల్టర్ వ్యాలిడేట్ ఈమెయిల్ తనిఖీ కూడా పెట్టండి. సందేశం గడిలో వరుసలు మారడం సహజం, అది హెడర్ల కింద ఉంటుంది కాబట్టి దానికి ఈ నిషేధం వర్తించదు.

పంపినవారెవరో చెప్పే ‘ఫ్రమ్’ హెడరులో ఎప్పుడూ దుకాణం సొంత డొమైను చిరునామానే ఉంచి, సందర్శకుడి చిరునామాను ‘రిప్లై-టు’కే పరిమితం చేయండి. పీహెచ్‌పీ 7.2 నుంచి హెడర్లను అరే రూపంలోనూ, అంటే విడివిడి విలువల జాబితాగానూ, ఇవ్వవచ్చు. అతికించి రాయడం కంటే అదే మేలు, అయినా పై తనిఖీ మానకండి.

అభ్యాసం: మీ కంప్యూటరులోని నకలు ఫారానికి మాత్రమే, విషయం గడిలో ఆ రెండు గుర్తులూ పెట్టి కర్ల్‌తో పంపండి. అభ్యర్థన సరిగా లేదని సర్వర్ చెప్పే 400 సంఖ్యతో తిరస్కరణ రావాలి, మెయిల్ లాగ్‌లో కొత్త నమోదు ఉండకూడదు. తరువాత ఈమెయిలు గడితోనూ, పేరు గడితోనూ అదే చేయండి. మెయిల్ ఫంక్షన్ ఐదో ఆర్గ్యుమెంటు గురించి, ఈమెయిళ్లు పంపడానికి వాడే పీహెచ్‌పీమెయిలర్ అనే లైబ్రరీలో 2016లో బయటపడిన లోపం గురించి నాలుగో పాఠంలో చదువుకుందాం.