పడుచు పందికి వీర్యం ఎక్కించే వేళ

మాది పరకాల దగ్గర చిన్న షెడ్డు, 14 సీమపందులు. రెండు మూడు ఈతలు ఈనినవాటితో టెన్షన్ లేదు. సతాయించేదల్లా తొలిచూలు పడుచులే.

ఐదున్నర నెలలు దాటాక రోజూ 15 నిమిషాలు ముదురు పోతును వాటి ముందుకు తోలండి. మూతీ మూతీ ఆనాలి. దాని నోటి నురగ వాసనే వీటిని ఎదకు తెస్తుంది. మిగతా వేళ పోతు దూరంగానే ఉండాలి. పక్కనే కట్టేస్తే అలవాటై పట్టించుకోవు.

మొదటి ఎదకు ఎక్కించొద్దు. తారీఖు గోడ మీద రాసి, 21 రోజులకు వచ్చే రెండో ఎద కోసమో, ఆ తర్వాతిదాని కోసమో ఆగండి. దానికి పది పద్నాలుగు రోజుల ముందు నుంచి దాణా కడుపునిండా పెడితే అండాలు ఎక్కువ విడుదలవుతాయి. ఎక్కించాక మళ్లీ 2 కిలోల చిల్లరకు తగ్గించాలి.

అసలు తిప్పలు వేళతోనే. మానం ఎర్రబడి ఉబ్బగానే చాలామంది ఎక్కించేస్తారు. అది రెండు రోజులు ముందే కనపడే గుర్తు. పోతు ఎదురుగా ఉండగా నడుము మీద చేతులు మోపి ఒత్తండి. చెవులు నిక్కబొడుచుకుని రాయిలా నిలబడితేనే ఎద. పొద్దున 6కు, సాయంత్రం 6కు చూస్తాను. పొద్దున నిలబడితే ఆ సాయంత్రం ఒకటి, మర్నాడు పొద్దున ఇంకొకటి. ఎద మూడింట రెండొంతులు గడిచాక గానీ అండాలు పడవు, పడ్డాక కొన్ని గంటలే పనికొస్తాయి. ఒక రోజు బతికే వీర్యం ముందే లోపల కాచుకుని ఉండాలి.

ఆవుకు వేసే ప్రోస్టాగ్లాండిన్ సూదితో పందికి ఎద తేవాలని చూడకండి. ఎద వచ్చిన 12 రోజుల లోపు అది పందిలో పనిచేయదు.

నిరుడు వీర్యం సీసాలను ఇంట్లో ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె పక్కన పెట్టాను. మూడు పడుచులూ పొర్లాయి, అంటే చూలు నిలవక మళ్లీ ఎదకొచ్చాయి. పంది వీర్యం 17 డిగ్రీల దగ్గర ఉండాలి, ఫ్రిజ్ చలికి చచ్చిపోతుంది. ఇప్పుడు థర్మోకోల్ పెట్టెలో థర్మామీటర్ పెట్టి, చల్లనీళ్ల సీసాకు తువ్వాలు చుట్టి పెడుతున్నాను.

క్యాథెటర్ (వీర్యం ఎక్కించే గొట్టం) మొన పైకి ఉంచి తోయండి, లేకపోతే మూత్రాశయంలోకి పోతుంది. మర మొనదైతే ఎడమకు తిప్పితే బిగుస్తుంది. సీసా పిండొద్దు, ఐదు పది నిమిషాల్లో అదే పీల్చుకుంటుంది.

18వ రోజు నుంచి 24 దాకా మళ్లీ పోతును ముందు నిలపండి. చెవులు లేవకపోతే, ఎక్కించిన రోజు నుంచి 114 లెక్కేసి గోడ మీద ఈత తారీఖు రాయండి.