గృహప్రవేశం తేదీ నుంచి వెనక్కి లెక్క పెట్టకండి: ఇల్లు మొదలుపెట్టేవారికి జాగ్రత్తలు

దేవరకొండ వైపు ఒక ఊళ్లో పోయిన నెల కొత్త ఇంటి పోర్టికో కూలింది. స్లాబ్ పోసి తొమ్మిది రోజులైందని మేస్త్రీ అన్నాడు. కాదు, పదకొండు అని ఇంటి యజమాని అన్నాడు. కింద జాకీలు, అంటే స్లాబ్‌ను మోసే ఇనుప పోట్లు విప్పుతున్న కుర్రాడి కాలు రెండు చోట్ల విరిగింది. ప్రాణం దక్కింది, అంతవరకు నయం. ఇల్లంతా అయిపోయి ఆ పోర్టికో ఒక్కటే చివరికి మిగిలిందట. నేను వెళ్లేసరికి లోపల బల్ల మీద మూలలకు పసుపు రాసిన శుభలేఖల కట్ట ఉంది. గృహప్రవేశానికి ఇంకా పన్నెండు రోజులు.

నల్గొండ, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఇరవై రెండేళ్లుగా ఇళ్ల పనులు చూస్తున్నాను. సిమెంట్ తక్కువ పడి పాడైన ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. రోజులు తక్కువ పడి పాడైన ఇళ్లకు నా దగ్గర లెక్క లేదు. దసరా దాటితే మళ్లీ ముగ్గులు పోసే కాలం కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను. మంచి మేస్త్రీని పెట్టుకోండి, మంచి ఇనుము కొనండి అని చెప్పడానికి నేను అక్కర్లేదు.

తప్పు ఎక్కడ మొదలవుతుంది

పంచాంగం దగ్గర మొదలవుతుంది. ఆషాఢం పనికిరాదు, భాద్రపదం పనికిరాదు, పుష్యం పనికిరాదు, మూఢం ఉండకూడదు, ఇంటివాళ్ల నక్షత్రాలు కుదరాలి. ఇవన్నీ తీసేస్తే ఏడాదిలో మిగిలేవి కొన్ని తేదీలే. అందులో ఒకటి ఖాయం చేసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క పెడతారు. వైశాఖంలో గృహప్రవేశం, చైత్రంలో రంగులు, ఫాల్గుణంలో ప్లాస్టరింగ్, మాఘంలో స్లాబ్. కాగితం మీద చక్కగా కుదురుతుంది.

తర్వాత ఇసుక పది రోజులు ఆలస్యమవుతుంది. బ్యాంకు వాళ్లు వచ్చి చూసి డబ్బు విడుదల చేయడానికి రెండు వారాలు. మేస్త్రీ మేనకోడలి పెళ్లికని వారం పోతుంది. పోయిన రోజులను ఎక్కడో ఒక చోట మిగుల్చుకోవాలి కదా. గోడ కట్టకుండా కట్టామనలేరు, టైల్స్ వేయకుండా వేశామనలేరు. ఎవరూ పని చేస్తున్నట్టు కనిపించని రోజుల మీదనే అందరి కన్నూ పడుతుంది. స్లాబ్ మీద మడులు కట్టి నీళ్లు నిలబెట్టి, కింద జాకీలు నిలబెట్టి, మనుషులు లేకుండా గడిచే ఆ మూడు నాలుగు వారాలు యజమానికి దండగగా కనిపిస్తాయి. ఇంటికి బలం వచ్చేదే అప్పుడు.

దీనికి తోడు స్లాబ్ కింద షీట్లు, జాకీలు బిగించే సెంట్రింగ్ అతను. అతనికి అవి ఇంకో ఊళ్లో కావాలి. సుత్తితో స్లాబ్‌ను టంగుమని కొట్టి చూపిస్తాడు: "చూడన్నా, రాయిలాగా ఉంది." రాయిలాగా వినిపించడం వేరు, బరువు మోయడం వేరు. కాంక్రీట్‌కు రావలసిన బలంలో ఏడు రోజులకు సుమారు మూడింట రెండు వంతులే వస్తుంది. పూర్తి బలాన్ని లెక్కగట్టేది 28వ రోజున.

కాంక్రీట్ పనులకు దేశమంతటా ఉన్న ప్రమాణాల కోడ్ ఏమంటుందో చెబుతాను, ఎందుకంటే ఇంజనీరింగ్ చదివే అబ్బాయి ప్రతి ఇంట్లో ఒకడు ఉంటాడు, వాడు వాదిస్తాడు. ఐఎస్ 456 ప్రకారం గోడకూ గోడకూ మధ్య దూరం 4.5 మీటర్లు, అంటే దాదాపు 15 అడుగుల వరకు ఉన్న స్లాబ్ కింద జాకీలు కనీసం 7 రోజులు ఉండాలి. అంతకు మించితే 14 రోజులు. బీముల కింద 6 మీటర్ల వరకు 14, దాటితే 21. అబ్బాయి ఆ 7 అంకె పట్టుకుని ఇంట్లో వాళ్లకు చూపిస్తాడు. అది మామూలు ఓపీసీ సిమెంట్‌కు, అదీ చలి 15 డిగ్రీల కంటే తగ్గనప్పుడు. మన దుకాణాల్లో మనం కొనే బస్తా చాలావరకు పీపీసీ, అంటే బూడిద కలిసినది. అది చివరికి మంచి బలమే ఇస్తుంది, కాని నింపాదిగా ఇస్తుంది. పైగా మన వైపు డిసెంబరు, జనవరి రాత్రులు చలి గట్టిగా ఉన్న రోజుల్లో 15 కంటే కిందికి దిగుతాయి. అందుకే నేను పెట్టుకున్న లెక్క వేరు: గదుల స్లాబ్‌కు 21 రోజులు, బీములకు, పోర్టికోకు, బాల్కనీకి 28. ఒక్క రోజు కూడా తగ్గించను. దీనివల్ల నా మీద అలిగి వేరే వాళ్లను పెట్టుకున్నవాళ్లు ఉన్నారు.

నీళ్లు పట్టడానికీ అదే సంగతి. ఓపీసీ అయితే కనీసం 7 రోజులు, ఎండ ముదిరితే 10, పీపీసీ అయితే 14 రోజులు పెట్టుకోండి. స్లాబ్‌కు ఎలాగూ మడులు కడతారు, వచ్చిపోయేవాళ్లంతా చూస్తారు. అన్యాయమైపోయేవి పిల్లర్లు. పొద్దున కుర్రాడు పైపుతో ఒకసారి అలా చల్లి పోతాడు, పదకొండింటికల్లా గాలికి ఆరిపోతుంది. గోనె సంచులు చుట్టి తడుపుతూ ఉండాలి.

నెలలు ఎలా పరచుకోవాలి

ముందుకు లెక్క పెట్టండి. 1200 చదరపు అడుగుల ఒక అంతస్తు ఇంటికి, ముగ్గు పోసిన రోజు నుంచి, నా అనుభవంలో తొమ్మిది నెలలు. ఎనిమిదిలో అయితే ఇంటివాళ్ల అదృష్టం. పైన ఇంకో అంతస్తుంటే ఏడాది. ముగ్గుకు ముందు ప్లాన్‌కు రెండు నెలలు విడిగా పెట్టండి. మున్సిపాలిటీలో 2020 నాటి చట్టం వచ్చాక 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు ఇంటికి స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి వస్తుంది. అనుమతి త్వరగా వచ్చిందని ప్లాన్ తేలినట్టు కాదు. వాస్తు చూసే ఆయనను గీత దశలోనే పిలవండి. గోడలు లింటెల్ దాకా, అంటే తలుపుల పై దూలం దాకా లేచిన తర్వాత బావమరిది ఒకాయనను వెంటబెట్టుకుని వస్తాడు, వంటగది ఆగ్నేయంలో లేదంటాడు, గోడ పడుతుంది, మూడు వారాలు పోతాయి. ఆ మూడు వారాలు ఎక్కడి నుంచి కోస్తారో మీకు ఇప్పుడు తెలుసు.

కార్తీకంలో మొదలుపెట్టడం మన నేలకు మంచిది. గుంతల్లో నీరు ఊరదు, బోర్లలో నీరుంటుంది. నల్లరేగడి అయితే పునాది గుంతలు తవ్వి నెలల తరబడి వదలకండి, ఆ నేల ఎండితే నెర్రెలిస్తుంది, తడిస్తే ఉబ్బుతుంది. తవ్విన వారంలోనే కాంక్రీట్ పడాలి. ఎర్ర చల్క కొంత ఓర్చుకుంటుంది. ఉగాదికి మొదలుపెట్టినవాళ్లకు స్లాబ్ సరిగ్గా రోహిణి కార్తెలో పడుతుంది. అప్పుడు 43 డిగ్రీల ఎండలో, ట్యాంకర్ నీళ్లు పట్టడం. ఆ పరిస్థితి వస్తే తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండెక్కే లోపు ముగించండి, వెంటనే తడి సంచులు కప్పండి.

ఇసుక జూన్ లోపే తెచ్చుకోండి. వానలు మొదలై కృష్ణ, దిండి పారితే ఇసుక దొరకదు, దొరికినా ధర మాట్లాడలేరు. సిమెంట్ మాత్రం నిల్వ చేయకండి, మూడు నెలలు దాటితే బలం తగ్గుతుంది.

ఇక మనుషులు. పాలమూరు మేస్త్రీలు దేశమంతా ఆనకట్టలు కట్టారు. పని వచ్చినవాళ్లే, కాని వాళ్లకూ ఊళ్లున్నాయి. బతుకమ్మ, దసరాలకు పది రోజులు, కురుమూర్తి జాతరకు కొన్నాళ్లు, మాఘంలో చెరువుగట్టు జాతర, రెండేళ్లకోసారి పెద్దగట్టు జాతర. నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు కూలీలు చేలల్లో ఉంటారు. వస్తానన్న తేదీకి వారం కలిపి రాసుకోండి, కోపం తెచ్చుకోకండి.

డబ్బు గురించి ఒక్క మాట. బ్యాంకు రుణమైనా, ఇందిరమ్మ ఇంటి 5 లక్షలైనా దశలవారీగా వస్తుంది. ఒక దశ పనికి సరిపడే నగదు ముందే చేతిలో ఉండాలి.

మిగిలినవి వరుసగా రాస్తున్నాను. కొన్నింటికి కారణం చెబుతాను, కొన్నింటికి చెప్పను.

- గృహప్రవేశం తేదీ నుంచి వెనక్కి లెక్క పెట్టకండి.
- స్లాబ్ పోసిన రోజునే పిల్లర్ మీద పెయింట్‌తో రెండు తేదీలు రాయించండి, పోసింది ఎప్పుడు, విప్పేది ఎప్పుడు అని. తొమ్మిదా పదకొండా అనే వాదన రాదు.
- సెంట్రింగ్ బేరం మాట్లాడేటప్పుడే 28 రోజులని కాగితం మీద రాయించండి. రోజు అద్దె ఒప్పుకోకండి. రోజుకు ఇంత అని కడుతున్నప్పుడు విప్పమని తొందరపెట్టేది సెంట్రింగ్ అతను కాదు, మీరే.
- విప్పే రోజు మీరు అక్కడ ఉండాలి. బంధువును పంపకండి.
- గది స్లాబ్‌కు జాకీలు మధ్య నుంచి గోడల వైపు తీయాలి. బాల్కనీకి, సజ్జకు బయటి అంచు నుంచి గోడ వైపు.
- బాల్కనీలో, సజ్జలో అసలు ఇనుము పైభాగంలో ఉండాలి. కాంక్రీట్ పోసేవాళ్లు దాన్ని తొక్కి కిందికి నొక్కేస్తారు. అలా నొక్కిన సజ్జ ఏడాది ఆగి విప్పినా నిలవదు. పోసేటప్పుడు పక్కనే నిలబడి చూడండి.
- పై అంతస్తు స్లాబ్ పోస్తున్నప్పుడు కింది అంతస్తు జాకీలు తీయకూడదు.
- కొత్త స్లాబ్ మీద ఇటుకలు పేర్చకండి, ఇసుక కుప్ప పోయకండి.
- కరెంట్ పని అతను స్లాబ్‌కు రెండు రోజుల ముందు రావాలి. తర్వాత వస్తే కొత్త స్లాబ్‌కు చిల్లులు పడతాయి.
- స్థలం పక్కన 11 కేవీ కరెంట్ తీగ ఉంటే దాన్ని జరపమని ముగ్గు పోయకముందే దరఖాస్తు పెట్టండి. తీగ జరిగేదాకా ఇనుప కడ్డీ పైకెత్తవద్దు.
- వాన పడింది కదా అని నీళ్లు పట్టడం ఆపకండి. జల్లు తడి గంటలో ఆరుతుంది.
- చెదల మందు ఫ్లోరింగ్‌కు ముందే.
- పచ్చి గోడకు ప్లాస్టరింగ్ వద్దు. ప్లాస్టరింగ్ అయిన నెల లోపు పుట్టీ వద్దు. లోపలి తడి ఉప్పును బయటికి తోస్తుంది, రంగు పొరలు పొరలుగా లేస్తుంది.
- చివరి డబ్బు చివరి రోజునే.
- గృహప్రవేశం తేదీ నుంచి వెనక్కి లెక్క పెట్టకండి. మూడోసారి రాయించుకోకండి.
- శుభలేఖలు అచ్చుకు ఇచ్చేది పోర్టికో జాకీలు తీసిన తర్వాతే.

తేదీ ఎట్టి పరిస్థితిలోనూ మారదంటారా, పాలు పొంగించడానికి ఒక గది చాలు. పోర్టికో కింద తాడు కట్టి ఎవరినీ అటు పోనివ్వకుండా, భోజనాలు పక్కింటి వాకిట్లో పెట్టించండి. మిర్యాలగూడలో ఒక ఇంటికి అలాగే చేయించాను. మామిడి తోరణం వెనుక గుమ్మం దగ్గరే కట్టారు, చుట్టాలు నవ్వారు. ఆ ఇంటి ఆల్బమ్‌లో ముందు వైపు తీసిన ప్రతి ఫొటోలోనూ వరుసగా పదహారు జాకీలు కనిపిస్తాయి.